చీటీ రానివాళ్ళ ఇళ్ళకి

చెన్నై పులియాంతోపులో ఆ ఇంటి గడప దాటగానే ముందు టీవీ కనిపించింది. టీవీ కింద ఊలుతో అల్లిన గుడ్డ. గుడ్డ కింద మేం ఇచ్చిన కుట్టు మిషన్.

"టీవీ కొంచెం ఎత్తులో ఉంటే పిల్లలకి మెడ నొప్పి రాదని పెట్టాం అమ్మా, ఏమనుకోవద్దు" అందావిడ. అనుకోవడానికేముంది. రెండేళ్ళ కిందట ఉగాది నాడు ఆ మిషన్‌కి బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసి, ఆవిడని పక్కన నిలబెట్టి ఫొటో దిగినవాళ్ళలో నేనూ ఒకదాన్ని. ఆ ఫొటో మా సంఘం సావనీరులో ఇప్పటికీ ఉంది. అందులో ఆవిడ పైట సర్దుకుంటోంది, నేను కెమెరా వంక చూస్తున్నాను. మిషన్ వంక ఎవరూ చూడటం లేదు.

నేను బ్యాంకులో ముప్పై మూడేళ్ళు చేసి రిటైరయ్యాను. ఉండేది పెరంబూరులో. మా పేట తెలుగువాళ్ళం కలిసి పెట్టుకున్న సంఘం ఒకటుంది. ఉగాదికి పంచాంగ శ్రవణం, కార్తీకంలో వనభోజనాలు, ఎవరింట్లోనైనా కష్టమొస్తే నలుగురం వెళ్ళి కూర్చోవడం, ఇంతే. రిటైరైన వారానికే నన్ను ట్రెజరర్ని చేసేశారు. బ్యాంకులో పనిచేసినదాన్ని వంటల కమిటీలో వేస్తే బాగుండదనుకున్నారేమో. సంఘం చేసే సేవ ఏమిటంటే, చందాలు పోగుచేసి ఏటా పేద ఆడవాళ్ళకి కుట్టు మిషన్లు ఇవ్వడం. నేను వచ్చేసరికి రెండేళ్ళలో ఇరవై రెండు ఇచ్చి ఉన్నారు. ఫైలు నీటుగా ఉంది. బిల్లులు, రసీదులు, ఆధార్ జిరాక్సులు, సంతకాలు, ఫొటోలు. ఏ ఆడిటరూ వేలు పెట్టి చూపించలేడు.

మా మేడమీద అద్దెకుండే అమ్మాయిది ప్రొద్దుటూరు. ఏదో పరిశోధన సంస్థలో సర్వే పని. చేతిలో ట్యాబ్లెట్ పట్టుకుని విళుపురం వైపు ఊళ్ళన్నీ తిరుగుతుంది. నాకన్నా మంచి తమిళం మాట్లాడుతుంది. ఒకరోజు మోటరు వెయ్యడానికి కిందికొచ్చి, నేను లెక్కలు రాసుకోవడం చూసి ఆగింది.

"ఇరవై రెండు మిషన్లా! ఎంతమంది కుడుతున్నారాంటీ?"

"అందరికీ అందాయి. సంతకాలున్నాయి."

"అందడం కాదాంటీ. కుడుతున్నారా అని."

మోటరు నిండి నీళ్ళు పొర్లిపోయేదాకా నాకు జవాబు తోచలేదు.

అలా బయల్దేరాను. ఉదయం పదింటికి ఎండ ముదరకముందే షేర్ ఆటో ఎక్కడం, పులియాంతోపు, వ్యాసర్పాడి, కన్నిగాపురం, కొడుంగయ్యూరు సందుల్లో ఇల్లు వెతుక్కోవడం. మూడు వారాలు పట్టింది. ముగ్గురి అడ్రసులు దొరకలేదు, ఇళ్ళు మారిపోయారు. దొరికిన పంతొమ్మిది మందిలో ఆరుగురు కుట్టి సంపాదిస్తున్నారు. నలుగురు ఇంట్లోవాళ్ళ బట్టలు మాత్రం కుట్టుకుంటున్నారు. ముగ్గురివి లాఫ్ట్ మీద గోనెపట్టా కప్పుకుని ఉన్నాయి. అయిదు అమ్ముడైపోయాయి, లేదా సేట్ కొట్లో తాకట్టులో ఉన్నాయి. పంతొమ్మిదోది టీవీ స్టాండు.

అమ్మేసిన వాళ్ళ మీద మొదట నాకు కోపమొచ్చిన మాట నిజం. నోట్‌బుక్కులో ఒకావిడ పేరు ఎదురుగా "దుర్వినియోగం" అని రాసేశాను. బ్యాంకు భాష అంత తొందరగా వదలదు. ఆవిడ నా చేతి వంక చూస్తూ, "నాలుగు వేలొచ్చిందమ్మా, పాపకి నర్సింగ్ ఫీజు చివరి కంతు కట్టాను. ఇప్పుడు ఆస్పత్రిలో ట్రైనింగులో ఉంది" అంది. ఆవిడ ముందే ఆ మాట కొట్టేశాను. కొట్టేసిన గీత కింద నుంచి ఇప్పటికీ అది కనిపిస్తూనే ఉంటుంది.

అన్నిటికన్నా నన్ను ఆపేసింది టీవీ స్టాండు ఇల్లే. కుట్టు రాదా అంటే వచ్చు. లాఫ్ట్ ఎక్కించినవాళ్ళలో ఇద్దరికి అసలు కుట్టే రాదు, ఆ తప్పు మాది, నేర్పించకుండా ఇచ్చాం. కానీ ఈవిడ లైనింగు జాకెట్టు కూడా కుట్టగలదు. మరెందుకు మానేసిందంటే, "ఈ వీధిలో ఏడు మిషన్లమ్మా. నాలుగు మీరిచ్చినవి, మూడు ఇంకెవరో ఇచ్చినవి. మునుపు సాదా జాకెట్టుకి నూట యాభై అడిగేదాన్ని. పక్కింటావిడ వందకి కుడతానంటే నేను తొంభై అనాలి. జాకెట్లు పెరగలా, కుట్టేవాళ్ళు పెరిగారు" అంది.

మేం ఒక్కొక్క ఇంటికీ ఒక్కొక్క మిషన్ ఇచ్చామనుకున్నాం. వీధికి ఏడు అవుతాయని ఎవరూ అనుకోలేదు.

నిజానికి ఇది నాకు కొత్త కాకూడదు. బర్రెల కాలం చూసినదాన్ని.

తొంభైల మొదట్లో నాకు నెల్లూరు జిల్లాలో, గూడూరు దాటాక ఒక పల్లెటూరి బ్రాంచిలో పోస్టింగు. అప్పటికి ఐఆర్‌డీపీ జోరుగా నడుస్తోంది. సమగ్ర గ్రామీణాభివృద్ధి పథకమని పూర్తి పేరు. 1980 అక్టోబరు 2 నుంచి దేశంలో ప్రతి బ్లాకులోనూ పెట్టారు. పేద కుటుంబానికి కొంత సబ్సిడీ, కొంత బ్యాంకు లోను, దాంతో బర్రెనో గొర్రెల్నో ఎడ్లబండినో కొనుక్కోవాలి. లోన్లన్నీ మార్చి నెలలోనే పుట్టుకొచ్చేవి, టార్గెట్లు కదా. బర్రె చెవికి ఇన్సూరెన్సు బిళ్ళ వేసేవాళ్ళు. నేను వెళ్ళి, బర్రె ఉందా, బిళ్ళ ఉందా చూసి సంతకం పెట్టాలి. ఒక ఊళ్ళో మొదటి ఇంట్లో కొమ్ము విరిగిన బర్రెని చూశాను. రెండో ఇంట్లోనూ కొమ్ము విరిగిన బర్రె. మూడో ఇంట్లో ఆ బర్రె నన్ను గుర్తుపట్టినట్టే చూసింది. ఇదేంటయ్యా అంటే ఆ పెద్దాయన ఏమాత్రం తడబడలేదు. "లోను కాగితంలో బర్రె కావాలన్నారు గదమ్మా, చూపించాం. మాకు కావాల్సింది బోరుకి" అన్నాడు.

ఆ ఏడాది మా బ్రాంచి నూరు శాతం లక్ష్యం పూర్తిచేసింది. పై ఆఫీసు నుంచి మెచ్చుకుంటూ ఉత్తరం వచ్చింది. ఎన్ని బర్రెలు పాలిస్తున్నాయి, ఆ పాలతో ఎవరింట్లో కూలి మీద ఆధారపడటం తగ్గింది, ఇవి అడిగే గడే మా ఫారంలో లేదు. 1999 ఏప్రిల్‌లో ఆ పథకాన్ని ఎత్తేసి ఇంకో పథకంలో కలిపేశారు. మా ఫారాలు మాత్రం పేరు మార్చుకుని అలాగే ఉన్నాయి.

ఈ బర్రెల సంగతి మేడమీద అమ్మాయికి చెబితే పకపకా నవ్వి, "అయితే మెదక్ బర్రెల కథ వినాలాంటీ మీరు" అంది.

ఆ కథ నాకు చాలా నచ్చింది, అందుకే కాస్త వివరంగా చెప్తాను. బాగా అట్టడుగున ఉన్న కుటుంబాలకి ఒక్క బర్రెనో మేకల్నో ఇచ్చి వదిలెయ్యకుండా, కొన్నాళ్ళు తిండికి కాస్త డబ్బు, పశువుని మేపడంలో శిక్షణ, వారం వారం ఇంటికొచ్చి పలకరించే మనిషి, పొదుపు, అన్నీ కలిపి ఇచ్చే పద్ధతి ఒకటుంది. బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే సంస్థ మొదలుపెట్టింది. ఇథియోపియా, ఘనా, హోండురాస్, పాకిస్తాన్, పెరూ, మన పశ్చిమ బెంగాల్, ఈ ఆరు చోట్ల పదివేల పైచిలుకు కుటుంబాల మీద పరీక్షించి చూసిన ఫలితాలు 2015లో వచ్చాయి. మొత్తం మీద పనిచేసింది, పథకం అయిపోయిన ఏడాది తర్వాత కూడా వాళ్ళ బతుకులు ముందుకన్నా మెరుగ్గానే ఉన్నాయి. అలాంటిదే మన మెదక్ జిల్లాలోనూ చేశారు. ఇచ్చినవాళ్ళనీ ఇవ్వనివాళ్ళనీ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా నిలవలేదు.

ఎందుకు? బర్రె చచ్చిపోయి కాదు, మనుషులు మోసం చేసీ కాదు. ఆ సంవత్సరాల్లో ఆ చుట్టుపక్కల కూలి రేట్లు బాగా పెరిగాయి. బర్రె ఉన్న ఇంటి మనిషి బర్రె దగ్గర ఉండిపోయింది, లేని ఇంటి మనిషి కూలికి వెళ్ళి సంపాదించుకుంది. ఒకరికి పాల డబ్బు, ఒకరికి కూలి డబ్బు. లెక్క దగ్గర దగ్గరగా తేలింది.

ఇప్పుడు ఆలోచించండి. నాలాంటి ఆఫీసరు వెళ్ళి బర్రె ఉన్న ఇంటిని మాత్రమే చూసి వస్తే ఏం రాస్తుంది? "లబ్ధిదారు పాలు అమ్ముకుంటూ ఆనందంగా జీవిస్తున్నారు" అని రాస్తుంది. అబద్ధం కాదది. పక్కింటి గడప తొక్కకపోవడం వల్ల వచ్చిన తప్పు. ఎవరికి రాలేదో వాళ్ళ ఇంటికి వెళ్ళి అడిగితేనే వచ్చినవాళ్ళకి ఏం ఒరిగిందో తెలుస్తుంది. ఇంత చిన్న సంగతి నాకు సర్వీసంతా తట్టలేదు. ముప్పై మూడేళ్ళలో లోను శాంక్షన్ కానివాళ్ళ ఇంటికి నేను ఒక్కసారి కూడా వెళ్ళలేదు. ఎందుకు వెళ్తాను? ఫైలు క్లోజ్ కదా.

ఈ పద్ధతిని పేదరికం పథకాలకి పట్టుకొచ్చినందుకే అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, మైకేల్ క్రెమర్ అనే ఆర్థికవేత్తలకి 2019లో నోబెల్ ఇచ్చారు. మందుల కంపెనీలవాళ్ళు చేసే పనే. కొందరికి ఇస్తారు, కొందరికి ఇవ్వరు, ఎవరికివ్వాలో లాటరీ తీస్తారు. మనిషి ఎంచితే తెలిసినవాళ్ళకో, చురుకైనవాళ్ళకో వెళ్ళిపోతుంది. చురుకైనవాళ్ళు ఎలాగైనా బాగుపడతారు, ఆ పేరు పథకానికి వస్తుంది. లాటరీ అయితే రెండువైపులా ఒకేలాంటి వాళ్ళుంటారు.

మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇలాంటివి ఎన్ని జరిగాయో తెలిసి ఆశ్చర్యపోయాను. హైదరాబాద్‌లో 104 బస్తీలు తీసుకుని, లాటరీలో వచ్చిన 52 చోట్ల ముందుగా మైక్రోఫైనాన్సు, అంటే పేదలకి చిన్న చిన్న అప్పులిచ్చే బ్రాంచీలు తెరిపించి చూశారు. కొందరు వ్యాపారంలో కాస్త ఎక్కువ పెట్టారు, ఇంట్లోకి వస్తువులు కొన్నారు. ఇంటి మొత్తం ఖర్చు పెరగలేదు, పిల్లల చదువుల్లో మార్పు లేదు. అద్భుతం జరగలేదు, అలాగని కొంపలూ మునగలేదు. బ్యాంకు మనిషిగా చెప్తున్నాను, అప్పు అంటే అంతే.

కానీ నా మనసులో నాటుకుంది స్మార్ట్‌కార్డుల కథ, ఎందుకంటే అందులో మా నెల్లూరు కూడా ఉంది. ఉపాధి హామీ కూలి, పింఛన్లు వేలిముద్ర వేయించుకుని ఊళ్ళోనే చేతికిచ్చే పద్ధతి అది. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు ప్రభుత్వంతో మాట్లాడుకుని, ఏ మండలంలో ముందు పెట్టాలి, ఏ మండలంలో ఆఖర్న పెట్టాలి అన్నది లాటరీతో తేల్చారు. ఎనిమిది జిల్లాలు, 157 మండలాలు, కోటీ తొంభై లక్షల జనాభా. ఎవరికీ ఎగ్గొట్టలేదు, వరస మాత్రమే లాటరీ. అన్ని మండలాల్లో ఒకేరోజు పెట్టడం ఏ ప్రభుత్వానికీ ఎలాగూ చేతకాదు కాబట్టి, ఆ వరసనే పరీక్షగా మార్చుకున్నారు. ఆ తెలివికి నేను దణ్ణం పెడతాను.

అప్పట్లో ఊళ్ళో మా అమ్మకి ఇంటిపనిలో సాయం చేసే ఆవిడ ఉపాధి పనికి కూడా వెళ్ళేది. నేను సెలవుల్లో వెళ్ళినప్పుడల్లా "ఆ మిషన్ నా వేలు గుర్తుపట్టదమ్మా, గిన్నెలు తోమి తోమి గీతలు పోయినాయి" అని మొత్తుకునేది. ఆ మాట పట్టుకుని, టెక్నాలజీ అని పేదవాళ్ళ ప్రాణం తీస్తున్నారని నేను చెన్నైలో పదిమంది ముందు ఉపన్యాసం కూడా ఇచ్చాను. పాత పద్ధతే బాగుందా అని ఆవిణ్ణి నేను అడగనే లేదు. తర్వాతెప్పుడో మా అమ్మ అడిగితే, "అయ్యో, పోస్టాఫీసుకి పోతే ఒకరోజు కూలి పోయేది గదమ్మా, పోయినా డబ్బు రాలేదనేవాళ్ళు" అందట.

పరిశోధనలో తేలిందీ అదే. స్మార్ట్‌కార్డులు పెట్టిన మండలాల్లో కూడా అందరికీ కార్డులు అందలేదు, పని సగంలో ఉంది. అయినా కూలి డబ్బు ముందుగా వచ్చింది, నిలబడే సమయం తగ్గింది, మధ్యలో కారిపోయే ఉపాధి డబ్బు 41 శాతం తగ్గింది. కూలీలకి మిగిలిన సమయం విలువ ఒక్కటే లెక్కేసినా ఈ ఏర్పాటుకైన ఖర్చు తిరిగొచ్చినట్టే. అడిగినవాళ్ళలో అత్యధికులు కొత్త పద్ధతే కావాలన్నారు. మరి ఇంత బాగున్నదాన్ని ఒక దశలో ప్రభుత్వం ఆపేద్దామా అనేదాకా వెళ్ళింది. కారణం, పైకి వెళ్ళే కబుర్లన్నీ తిట్లే. మధ్యలో వాటా పోయినవాడికి పై అధికారి నంబరు తెలుసు, ఎవరి చెవిలో వేస్తే పనవుతుందో తెలుసు. కూలి డబ్బు వారం ముందు అందిన ఆడమనిషి కలెక్టరుకి ఫోన్ చేసి "బాగుందండీ" అని చెప్పదు కదా. సర్వేవాళ్ళు ఇంటింటికీ వెళ్ళి అడిగారు కాబట్టి ఆవిడ మాట కూడా పై టేబుల్ మీదికి చేరింది.

ఈ కథకి ఇంకో కొస ఉంది. అవే మండలాల్లో పేద కుటుంబాల సంపాదన మొత్తం ఎంత పెరిగిందో చూస్తే 14 శాతం. అందులో 86 శాతం ఉపాధి పని డబ్బు కానే కాదు, బయటి పనుల నుంచి వచ్చింది. ఉపాధి డబ్బు టైముకి వస్తోందంటే రైతు కూడా కూలి పెంచక తప్పదు. అది చదివినప్పుడు నాకు వెంటనే పులియాంతోపు వీధిలో జాకెట్టు రేటు గుర్తొచ్చింది. అక్కడ ఏడు మిషన్లు రేటుని కిందికి లాగాయి, ఇక్కడ టైముకొచ్చే కూలి రేటుని పైకి లాగింది. ఒక ఇంట్లో పెట్టినది ఆ ఇంట్లోనే ఉండిపోదు.

ఇదంతా మావారికి భోజనాల దగ్గర చెబితే పెరుగన్నం కలుపుకుంటూ విన్నారు. ఆయన ఐసీఎఫ్‌లో చేసి రిటైరైన మనిషి, బోగీల ఫ్యాక్టరీ మనిషి. "బాగుంది. మరి ఈ పెరంబూరుకి 1955లో ఐసీఎఫ్ వచ్చినప్పుడు ఎవరు చీటీ తీశారు? శ్రీపెరంబుదూరు దగ్గర హ్యుందాయ్ కార్లు తయారవడం మొదలెట్టినప్పుడు ఎవరు తీశారు? ఈ ఊళ్ళో ఎంతమంది కడుపు నిండిందీ ఫ్యాక్టరీల వల్ల కాదూ?" అన్నారు. సమాధానం లేని ప్రశ్నే. ఫ్యాక్టరీకి, రోడ్డుకి, ఓడరేవుకి లాటరీ తియ్యలేం. 2015లో నోబెల్ వచ్చిన ఆర్థికవేత్త ఆంగస్ డీటన్ కూడా ఈ లాటరీ పరీక్షల్ని నెత్తిన పెట్టుకోవద్దని చాలాకాలంగా చెబుతున్నాడు. ఒకచోట తేలినది ఇంకోచోట అలాగే ఉంటుందని ఎలా అంటారన్నది ఆయన అభ్యంతరం. మెదక్ బర్రె అందుకు సాక్ష్యమే. కెన్యాలో కాంట్రాక్టు టీచర్లని స్వచ్ఛంద సంస్థ పెడితే పిల్లలకి చదువొచ్చింది, అదే పని ప్రభుత్వం చేతికి వెళ్ళేసరికి ఫలితం మాయమైంది.

ఇవన్నీ ఒప్పుకుంటాను. కానీ నా చేతిలో ఫ్యాక్టరీ లేదు, సంఘం చెక్ బుక్ ఉంది.

కమిటీ మీటింగులో నేను అడిగింది రెండే. మిషన్ కావాలా డబ్బు కావాలా అన్నది ఆవిడే చెప్పాలి. డబ్బయితే మిషన్ ధర ఎంతో అంతా, ఏడు వేలు, ఆవిడ ఖాతాలో వెయ్యాలి. ఎవరికన్నది సిఫారసు మీద కాక చీటీ మీద తేలాలి.

రెండోదానికి పెద్దగా గొడవ కాలేదు, సిఫారసు ఫోన్ల బాధ సెక్రటరీ గారికే ఎక్కువ. మొదటిదానికి గంటసేపు నడిచింది. "డబ్బిస్తే తాగేస్తారండీ" అన్నారు. ఎవరు తాగుతారు, ఆవిడా? "వాళ్ళాయన." ప్రపంచ బ్యాంకు పరిశోధకులు ఇద్దరు, పేదలకి నగదు ఇస్తే మద్యానికీ పొగాకుకీ పోతుందా అని రకరకాల దేశాల్లో జరిగిన 19 అధ్యయనాలు ఒకచోట పెట్టి చూశారు, ఖర్చు పెరగలేదు, వీలైతే కాస్త తగ్గింది అని చెప్పాను. ఆ దేశాల సంగతులు వ్యాసర్పాడికి పనికిరావన్నారు. నిజమే, డీటన్ గారు కూడా అదే అంటారు. అందుకని నా నోట్‌బుక్ తీసి నర్సింగ్ ఫీజు కట్టిన ఆవిడ సంగతి చదివాను. అది పనిచేసింది. పంతొమ్మిది అధ్యయనాలకి కరగని వాళ్ళు ఒక్క ఆడపిల్ల ఫీజుకి కరిగారు. దీనికి నేను సంతోషించాలో వద్దో ఇప్పటికీ తేల్చుకోలేదు. ఒక్క కథతో ఒప్పించకూడదనే కదా ఇంత చేసింది.

ఈ ఉగాదికి అర్జీలు ఇరవై నాలుగు వచ్చాయి, మా దగ్గర డబ్బు పన్నెండుకి. పేర్లు చీటీల మీద రాసి, మడిచి, పులిహోర తెచ్చిన స్టీలు డబ్బాలో వేశాం. కడిగారు కానీ ఇంగువ వాసన పోలేదు. ఒకరి మనవరాలు, ఎనిమిదేళ్ళ పిల్ల, కళ్ళు మూసుకోమంటే వేళ్ళ సందుల్లోంచి చూస్తూ తీసింది. సెక్రటరీ గారింట్లో పనిచేసే ఆవిడ పేరు రాలేదు. ఆయన మొహం చూడాలి. కానీ ఆవిడ మాత్రం, "ఎవరి మాటా కాదు గదయ్యా, చీటీ గదా, పోనీ" అని పులిహోర పొట్లం కట్టించుకుని వెళ్ళిపోయింది. వచ్చిన పన్నెండు మందిలో ఎనిమిది మంది డబ్బు, నలుగురు మిషన్ అడిగారు.

"ఇరవై నలుగురితో ఏమీ తేలదాంటీ" అని మేడమీద అమ్మాయి ముందే చెప్పేసింది. వాళ్ళు తమిళనాట అంగన్‌వాడీలో సగం పూట పనిచేసే ఇంకో మనిషిని అదనంగా పెడితే ఏమవుతుందో చూడటానికి 320 కేంద్రాలు తీసుకున్నారట. పిల్లలకి పాఠాలు చెప్పే సమయం రెట్టింపైంది, చదువూ ఎదుగుదలా రెండూ మెరుగయ్యాయి. అంతమంది ఉంటేనే నమ్మకంగా చెప్పగలం అంటుంది. సరేనమ్మా, ఏమీ తేలకపోయినా ఆరునెలలకోసారి ఇరవై నాలుగు ఇళ్ళకీ వెళ్ళొస్తాను, నాకు వాకింగూ అయినట్టుంటుంది అన్నాను. తెలంగాణలో 2018లో రైతుబంధు చెక్కులిచ్చినప్పుడు, కొన్ని మండలాల్లో వ్యవసాయాధికారులకి "రైతులకి ఫోన్ చేసి అడుగుతాం" అని చెప్పారు, అంతే. ఆ మండలాల్లో డబ్బు అందని రైతుల సంఖ్య 7.8 శాతం తగ్గింది. అడుగుతారని తెలిస్తే మా కమిటీ కూడా ఒళ్ళు దగ్గర పెట్టుకుంటుంది.

మొన్న మంగళవారం కొడుంగయ్యూరు వెళ్ళాను, చీటీ రాని ఒకావిడ ఇంటికి. రెండో అంతస్తు, మెట్ల మీద ప్లాస్టిక్ బిందెలు. తలుపు తీసి నన్ను గుర్తుపట్టి, వెనకాల ఎవరైనా మిషన్ మోసుకొస్తున్నారేమోనని నా భుజం మీదుగా చూసింది.

"ఏమీ ఇవ్వకుండా అడగడానికే వచ్చారా?" అంది. కోపంగా అనలేదు. నిజంగానే అర్థం కాక అడిగింది.

అవునన్నాను. ఇంకేమనాలో తెలియలేదు. కాసేపు తలుపు పట్టుకుని నిలబడి, లోపలికి రమ్మంది. ఫ్యాను నా వైపు తిప్పింది. నెలకి ఎన్ని రోజులు పని దొరుకుతుంది, ఎంతొస్తుంది, అప్పు ఎంతుంది, పోయిన వారం చేపలో మాంసమో వండారా, పిల్లవాడు స్కూలు మానాడా. అన్నిటికీ చెప్పింది. అప్పు దగ్గర మాత్రం మొదట ఒక అంకె చెప్పి, నేను రాస్తుంటే ఆపి, ఇంకో అంకె చెప్పింది. రెండోది పెద్దది.

లేచి వస్తుంటే అడిగింది. "చీటీ వచ్చినావిడ, మా పక్క వీధే, ఏం కొనుక్కుంది?"

"చెప్పకూడదమ్మా. ఒకరి ఇంటి సంగతి ఇంకొకరికి చెప్పనని మాటిచ్చాను."

ఆవిడ మొదటిసారి నవ్వింది. "సరే. నా అప్పు సంగతి కూడా ఆవిడకి చెప్పకండి."